జానెడు లోతున చప్పుడు

17 జూన్ 2010

వాన తెరిపి ఇచ్చింది. పొద్దున్నించీ ఫోన్లే ఫోన్లు. సాతంరాయిలో రెండు చేలు, పాల్మాకులలో మూడు. తిరిగే కత్తుల రోటవేటర్ ఉన్న ట్రాక్టరు ఈ చుట్టుపక్కల నాదొక్కటే అన్నట్టు. గర్వం కాదు, ఉన్నమాట.

మధ్యాహ్నం యాదయ్యన్న చెలక, వాన మీదే పండే ఎర్ర నేల. మూడెకరాలు. ఆయన లేడు. ఊపిరి సరిగా ఆడటం లేదని కొడుకు మల్లేశ్ పట్నం తీసుకెళ్ళి దవాఖానలో చేర్చాడు. ఎప్పుడూ గట్టు మీద నిలబడి "జర ఆగు తమ్మీ, మన్ను ముద్ద పట్టి సూడనీ" అని పని ఆపే మనిషి లేకపోతే ఎంత తొందరగా అయిపోతుందో!

ఆయన భార్య బాలమణక్క మాత్రం నసిగింది. "ఆయన ఒచ్చినంక దున్నితే కాదా తమ్మీ?"

"పదును తప్పినా అదును తప్పకూడదక్కా," అన్నాను. మా నాన్న సామెత. తడి ఆరే దాకా కూర్చుంటే విత్తే రోజులు దాటిపోవూ?

మూడుసార్లు తిప్పాను. వెన్నలా వచ్చింది. గట్టెక్కి చూస్తే మా తెనాలి వైపు వరి మడే గుర్తొచ్చింది. ఇంటికొచ్చేసరికి పద్మ — "ఏంటండీ ఈ బురద! ఇక్కడ కూడా వరే వేయిస్తున్నారా?" నవ్వాను.

26 జూన్

యాదయ్యన్న ఇంటికొచ్చాడు. రాగానే మంచం ఎక్కలేదట, చెలకలోకే నడిచాడట. నేను రోడ్డు మీద పోతూ చూశాను — చేని మధ్యలో నిలబడి ఉన్నాడు, చేతిలో ముల్లుగర్ర. ఎడ్లు పోయి మూడేళ్ళయినా ఆ కర్ర వదలడు. ఎడ్లను అమ్మించిందీ నేనే కదా... "గంటలో అయ్యే పనికి రెండు నోళ్ళు మేపడం ఎందుకన్నా?" అని.

చెయ్యి ఊపాను. ఆయన ఊపలేదు. కర్రను నేలలోకి గుచ్చి, దాన్నే చూస్తున్నాడు.

9 జూలై

బాలమణక్క చెలకలో మక్క, అదే మొక్కజొన్న, సగం కూడా మొలవలేదు. వాన పడి ఎండ కాయగానే పైన పెచ్చు కట్టింది. పెచ్చు కింద మొలకలు పచ్చగా, వంకరగా, తల ఎత్తలేక... అక్క చేత్తో పెచ్చులు లేపుతోంది. మూడెకరాలు చేత్తో!

విత్తనం మంచిది కాదేమో అక్కా అన్నాను, బండి దిగకుండానే.

30 జూలై

పెద్ద వాన. అన్ని చేలూ తాగాయి. యాదయ్యన్న చేను తాగలేదు. నీళ్ళు అలాగే నిలబడ్డాయి, చెరువులో నిలబడ్డట్టు. తరవాత వాలు వెంబడి ఎర్రగా రోడ్డు మీదకి పారాయి.

ఎయిర్‌పోర్టుకి విమానం ఒకటి దిగుతోంది. దాని పొట్ట ఆ నీళ్ళలో కనిపించింది, చేను ఈ చివర నించి ఆ చివరకి. ఎందుకో ఒళ్ళు జలదరించింది.

3 ఆగస్టు

సాయంత్రం పాల్మాకుల దారి. యాదయ్యన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు, రోడ్డు వైపు మొహం పెట్టి. హారన్ కొట్టి వెళ్ళిపోయాను.

22 ఆగస్టు

పన్నెండు రోజులు వాన లేదు. అంతే. పక్క చేను నాగలి దుక్కి, పచ్చగానే ఉంది. యాదయ్యన్న మక్క మధ్యాహ్నానికే ఆకులు చుట్టేసుకుంటోంది. అదే వాన, అదే మన్ను, మధ్యలో ఒక్క గట్టు.

దొంగకు తేలు కుట్టినట్టుంది నా పని.

5 సెప్టెంబరు

తప్పించుకోలేకపోయాను. రోడ్డుకు అడ్డంగా వచ్చి బండి ఆపించాడు. చేతిలో మక్క సాళ్ళ నడుమ వేసిన కంది మొక్క, వేళ్ళతో సహా పీకింది. తల్లివేరు జానెడు దూరం నిటారుగా దిగి, అక్కడ మోచేయిలా మడత పడి, పక్కకి పాకింది. కిందికి దారి దొరక్క.

మొక్కను నా ముందు పట్టుకుని నిలబడ్డాడు. ఆయాసం. నేను చూపు తిప్పుకున్నాను.

"ఈ ఏడు విత్తనాలన్నీ ఇంతే అన్నా. కంపెనీవాళ్ళు మోసం..."

"ఇత్తనం మంచిదే తమ్మీ."

ఇంకో మాట కోసం చూసినట్టున్నాడు. సాతంరాయిలో పని ఉందన్నాను.

11 సెప్టెంబరు

అరుగు మీద ఆయన. హారన్ కొట్టాను. ఆగలేదు.

2 అక్టోబరు

అరుగు. ఆగలేదు.

19 డిసెంబరు

యాదయ్యన్న పోయాడు.

20 డిసెంబరు

మట్టికి వెళ్ళాను. చెలక మూలనే పూడ్చారు. గుంత తవ్వేవాళ్ళు జానెడు తవ్వి ఆగారు. గడ్డపార ఠక్ ఠక్ అంటోంది. "ఏందిరా, బండ ఉందా?" అన్నారెవరో. "బండ గాదు, మన్నే. గట్టిగ అయ్యింది" అన్నాడు తవ్వేవాడు.

నేను వెనక నిలబడ్డాను. అందరికన్నా వెనక.

15 జూన్ 2011

మిరుగం వాన, మృగశిర కార్తెది. బాలమణక్క కబురు పెట్టింది, దున్నమని. రానని ఎలా అనను?

ఈసారి ఆగాను. మూడు రోజులు ఆరనిచ్చాను. ముద్ద పట్టి, విసిరి, పొడి రాలేదాకా చూసి మరీ బండి దింపాను. అక్క నవ్వింది, ఏడాది తరవాత మొదటిసారి. "ఆయన లెక్కనే చేస్తున్నవ్ తమ్మీ."

పని అయ్యాక లోపలికి వెళ్ళి ముల్లుగర్ర తెచ్చి ఇచ్చింది. "ఎడ్లు లేకపాయె, ఆయన లేకపాయె. ఇంట్ల ఎందుకు? నువ్వు వెట్టుకో." వద్దనలేకపోయాను. ట్రాక్టరు సీటు వెనక పెట్టుకుని వచ్చాను. చివర ఇనప ముల్లు, పట్టుకునే చోట ఆయన చేతి నునుపు.

16 జూన్

పొద్దున్నే వెళ్ళి గుచ్చాను. ఎవరూ చూడకుండా. యాదయ్యన్న గుచ్చితే మోచేతి దాకా దిగేదని ఊళ్ళో చెప్పుకుంటారు. నేను ఒళ్ళంతా వేసి నొక్కాను. జానెడు. ఠక్. ఇంకోచోట. జానెడు. ఠక్. పది చోట్ల. పదిచోట్లా అదే లోతు, నా రోటవేటర్ కత్తులు తిరిగే లోతు. కొలిచినట్టు.

28 జూలై

ఆ చప్పుడు ఇంజను హోరులో కూడా వినిపిస్తోంది. సాతంరాయిలో దున్నుతున్నా, మహేశ్వరం దారిలో ఖాళీ బండి తోలుకుపోతున్నా... ఠక్. ఆపి దిగి చూస్తాను. బోల్టులన్నీ బిగుతుగానే ఉన్నాయి. మెకానిక్కు చూపించాను, "ఏం లేదన్నా, ఫస్ట్ క్లాసు" అన్నాడు.

పద్మతో చెప్పాను. "చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. ఉన్నప్పుడు ఒక్కసారైనా ఆయన గురించి ఇంత మాట్లాడారా మీరు?"

లేదు.

14 ఆగస్టు

వాన. చేలో నీళ్ళు. గట్టు మీద నించి చూస్తే నీళ్ళలో ఒక మనిషి, కర్ర పట్టుకుని, తలకిందులుగా. కర్ర ఉన్నది నా చేతిలోనే అని తెలియడానికి కాసేపు పట్టింది.

6 నవంబరు

రెండో ఏడూ పంట పోయింది.

10 మార్చి 2012

మల్లేశ్ ఎదురయ్యాడు, ఎయిర్‌పోర్టు బస్సు డ్రైవరు డ్రెస్సులో. డ్యూటీ దిగి వస్తున్నాడట. వాళ్ళ పక్క చేను ప్లాట్లకి పోయింది, రాళ్ళు పాతేశారు. వీళ్ళనీ అడుగుతున్నారట.

"ఇగ ఏం జేస్తం మామా, మా మన్ను సచ్చింది. అమ్మ ఇనదు. బాపు గాడ్నే ఉన్నడు, ఇయ్యనంటది."

మన్ను సచ్చింది... గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేనే ముందు తలదించాను. చచ్చింది కాదురా, చంపారు అనాలనిపించింది. అనలేదు. బస్సుల డీజిలు సంగతి మాట్లాడాను. సిగ్గులేని నోరు.

7 అక్టోబరు

ఈ ఏడూ అంతే. చిన్న వానలకి పెచ్చు, పెద్ద వానలకి వరద, నడుమ ఎండ. కంకులు పిడికెడైనా లేవు.

మల్లేశ్ తల్లికి గడువు పెట్టాడట. ఇంకొక్క మిరుగం. వచ్చే ఏడు పంట నిలబడకపోతే రాళ్ళు పాతిస్తాడు. అక్క సరే అందట. యాదయ్యన్న పూడ్చిన మూలతో సహా పోతుంది.

3 ఫిబ్రవరి 2013

పారతో వెళ్ళి చెలక మధ్యలో నడుంలోతు గుంత తవ్వాను. బాలమణక్క ఊళ్ళో లేదు, చుట్టాలింటికి పోయింది. గుంత గోడ కత్తితో చెక్కినట్టు తెలుస్తోంది. పైన జానెడు — పిండి. దాని కింద నాలుగు వేళ్ళ మందాన ఒక పొర, నున్నగా, పలకలు పలకలుగా, గోరు కూడా దిగదు. ఆ పొర మీద ఎండిపోయిన కంది వేళ్ళన్నీ పక్కకి పాకి ఉన్నాయి. పొర కింద మన్ను మళ్ళీ మెత్తగా, గుల్లగుల్లగా, చల్లగా... దాహంతో. మూడేళ్ళుగా అక్కడికి వాన చేరలేదు.

పూడ్చేసి వచ్చాను.

4 ఫిబ్రవరి

2010 డైరీ తీసి ఆ జూన్ పదిహేడు పేజీ చదివాను. అబద్ధం. ఈ పుస్తకం ఎవరూ చదవరు, ఎవరి కోసం ఆడానో.

ఆ రోజు నేను ముద్ద పట్టి చూశాను. యాదయ్యన్న లేకపోయినా అలవాటుగా చెయ్యి పోయింది. ముద్ద అయింది. వేళ్ళ గుర్తులు పడ్డాయి. విసిరితే పగలకుండా గట్టు మీద పిడకలా అతుక్కుంది. దున్నకూడదని అర్థం. నాకు తెలుసు. చేతిని టైరుకి తుడుచుకుని బండి ఎక్కాను. ఇంకా నాలుగు చేలు ఉన్నాయి. పైగా మనసులో ఒక పొగరు — బురదలో పుట్టి బురదలో దున్ని పెరిగినవాణ్ణి, ఈ ఎర్ర చెలక నాకు పాఠం చెప్పేదేమిటి అని.

మా ఊళ్ళో దమ్ము చేసేది అడుగు గట్టిపడాలనే. నీళ్ళు కిందికి దిగకూడదు, వరి మడిలో నిలబడాలి. కాలవ ఉన్న ఊరు. ఇక్కడ కాలవ లేదు. ఆకాశం నించి పడ్డదాన్ని నేల లోపల దాచుకుంటేనే బతుకు. ఆ దాచుకునే ఇంటికి నేను తలుపేసి, అడుగున తాపీ పని చేసినట్టు చేశాను.

దుక్కి కొద్దీ పంట, బుద్ధి కొద్దీ సుఖం. రెండూ తేలాయి.

19 ఏప్రిల్

చెప్పాలి. ఇవాళ వాళ్ళింటి ముందు దాకా వెళ్ళాను. బండి ఆపాను. అరుగు ఖాళీ. ఎవరో అక్కడినించి లేచి వెళ్ళినట్టు, అరుగు మీద దుమ్ము ఒక్కచోట లేదు. హారన్ కూడా కొట్టకుండా వచ్చేశాను.

12 మే

మహేశ్వరం దగ్గర ఒకాయన దగ్గర ఉలి నాగలి ఉంది. సన్నటి ఇనప కొక్కెంలా ఉంటుంది, మన్నును తిరగేయదు, లోపలికి దిగి చీలుస్తుంది. మన్ను బాగా ఎండి ఉంటేనే పగులుతుందట, తడిలో వాడితే మళ్ళీ అదే కథ. "రోహిణి ఎండల్ల ఎయ్యి. వాన వడ్డదంటే ముట్టకు" అన్నాడు. ఈసారి ఎవరు ఏం చెప్పినా వింటున్నాను.

26 మే

చెప్పేశాను.

బాలమణక్క వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. నిలబడే చెప్పాను, మొత్తం. ముద్ద సంగతి, టైరుకి చెయ్యి తుడుచుకున్న సంగతి, విత్తనం మీద పెట్టిన అబద్ధం. ఆమె చెయ్యి ఆగలేదు. గింజ తీస్తూనే ఉంది. నేను ఆపాక అంది —

"ఆయనకు ఎరుకనే."

ఇంకో గింజ తీసి పక్కన పడేసింది.

"దవాఖాన కెల్లి ఒచ్చిన దినమే కర్ర గుచ్చి సూసొచ్చిండు. దుక్కి తడిల వడ్డదే, తమ్ముడు ఆగలే అన్నడు. పోయి అడుగుతనంటే వద్దన్నడు. ఆడే ఒచ్చి చెప్తడు, చెప్తే ఇద్దరం కలిసి ఏదన్న జేస్తం అన్నడు."

నేను తల ఎత్తలేదు.

"నీ బండి సప్పుడు ఇనొచ్చినప్పుడల్లా అరుగు మీదికి పోయి కూసునేటోడు. తమ్ముడు ఒస్తుండు, చాయ వెట్టు అనేటోడు. నేను గిన్నె వెట్టేదాన్ని. నువ్వు పోయేటోనివి."

ఏడ్చాను. సిగ్గుపడలేదు. ఆమె ఏడవలేదు, ఓదార్చలేదు, చాయ పెడతానని కూడా అనలేదు. ఉలి నాగలి సంగతి చెబితే, "దున్ను" అంది. అంతే.

28 మే

దున్నాను. నిప్పులు చెరిగే ఎండ. మన్ను ఇటుకలా ఉంది. ఉలి దిగగానే బండి ముందుచక్రాలు లేచాయి. మెల్లగా, వాలుకు అడ్డంగా, సాలు పక్క సాలు. పొర చిట్లుతుంటే పెంకులు పగిలినట్టు చప్పుడు. ఆ పెంకులు పైకి తేలుతుంటే ప్రతి ముక్కనీ దిగి చేత్తో పట్టుకుని చూశాను. మూడేళ్ళ కిందటి నా టైరు గుర్తు ఒకదాని మీద అలాగే ఉందనిపించింది. నిజమో, నా కళ్ళో.

మొత్తం అయింది, ఒక్క మూల తప్ప. ప్రతి ఏడూ నేను ట్రాక్టరు మలుపుకునే మూల. అన్నిటికన్నా ఎక్కువ తొక్కింది అక్కడే. ఇప్పుడు అటుపక్క ప్లాట్ల గోడ వచ్చింది, ఇటుపక్క యాదయ్యన్న. ఇనప నాగలితో ఆయన పక్కన తిరగడానికి నా చేతులు రాలేదు.

14 జూన్

మొన్న వాన. పదును కోసం రెండు రోజులు ఆగారు. మల్లేశ్ సెలవు పెట్టి వచ్చి కిరాయి ఎడ్లతో సాలు తోలాడు. రోటవేటర్ ఊసే లేదు. మక్క రెండు సాళ్ళు, కంది ఒక సాలు. "కంది ఏరు గడ్డపార లెక్క, ఆయన ఎప్పుడు గదే అనేటోడు" అంది అక్క.

నేను గట్టు మీదే ఉన్నాను, కర్ర పట్టుకుని. గుచ్చి చూడబోతే అంది — "ఆగు. మొలిచినంక సూడు."

29 జూన్

మొలిచింది. నిండా.

21 జూలై

రాత్రంతా కుండపోత. తెల్లారేసరికి పక్క ప్లాట్లలో మోకాలి లోతు నీళ్ళు. చెలకలో చుక్క నిలబడలేదు. తాగేసింది! కర్ర గుచ్చాను. జానెడు... ఊపిరి బిగపట్టాను... దాటింది. మోచేతి దాకా దిగింది. బయటికి లాగితే చివర తడి మన్ను. దాన్ని వేళ్ళతో తుడిచి వాసన చూశాను.

మలుపు మూలలో మాత్రం నీళ్ళు, ఎర్రగా. అక్క విత్తనం కూడా వేయలేదు. ఎందుకని అడిగాను.

"గా మూల నీది తమ్మీ. నువ్వే సూస్కో."

30 ఆగస్టు

మూల పని సాగుతోంది. ఆరిన రోజుల్లో గడ్డపారతో, వారానికి రెండు మూడు గుంతలు. నేల పగిలింది తక్కువ, అరచేతులు పగిలింది ఎక్కువ. పద్మ రాత్రిపూట మందు రాస్తోంది.

పది రోజులుగా వాన లేదు. మక్క వాడలేదు. మల్లేశ్ రోజూ డ్యూటీకి పోతూ ఒకసారి దిగి చూసి పోతున్నాడు. ప్లాట్లవాళ్ళకి ఇంకా కాదనలేదు, అవుననలేదు. "పంట ఇంటికి రానీ మామా" అంటాడు.

8 సెప్టెంబరు

ఇవాళ సాయంత్రం. యాదయ్యన్న ఇంటి ముందు బండి ఆపాను. గడ్డపార దించుకుంటుంటే లోపల స్టవ్వు మీద గిన్నె పెట్టిన చప్పుడు. స్పష్టంగా. నీళ్ళు పోసిన చప్పుడు కూడా.

మల్లేశ్ డ్యూటీలో ఉన్నాడు. బాలమణక్క నాకెదురుగానే ఉంది, ఇంటిని ఆనుకుని ఉన్న చేలో, మక్క సాలు నడుమ కలుపు తీస్తూ.

ఆమె కూడా నడుమెత్తింది. ఇంటి వైపు చూసింది. నా వైపు చూడలేదు.

తలుపు గొళ్ళెం బయటినించి పెట్టే ఉంది.

అరుగు మీద కూర్చున్నాను. చీకటి పడే దాకా...